చావుకబురు తెచ్చినవాడికి భోజనం

చల్లపల్లి,
4 ఆగస్టు 2025

అక్కయ్యకి,

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. కిందటిసారి నేను రాసింది చదివి, “వీడి ఉత్తరం పల్లెవెలుగు బస్సు లాంటిది, చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగుతుంది” అన్నావని నీ కొడుకు కిరీటి చెప్పాడు. చెప్పాడంటే నా చెవిలో అరిచాడు. నలభై ఏళ్ళు కాలువ లాకుల మీద నీటి హోరులో నిలబడ్డ చెవులు నావి. ఫోనులో ఎవరేం మాట్లాడినా నాకు షట్టరు ఎత్తిన చప్పుడే వినిపిస్తుంది. కాబట్టి నాకు రాయడం తప్పదు, నీకు చదవడం తప్పదు.

మొన్న నీ మనవరాలు మనోజ్ఞ హైదరాబాదు నుంచి వచ్చింది. పొద్దున దిగింది, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. మధ్యలో మూడు గంటలు ఒక పాత శుభలేఖ వెనక బొమ్మలు గీసి నాకు పాఠం చెప్పింది. ఐదేళ్ళుగా పరీక్షలు చేస్తూ, మందు అక్కర్లేదని డాక్టరు వదిలేసిన నీ రక్తం జబ్బు ఇప్పుడు కదిలిందట. మెడ కింద గడ్డలట. మేడమెట్లు నాలుగు ఎక్కితే ఆయాసమట. ఇక మాత్రలు మొదలుపెట్టాలని డాక్టరు అంటే నువ్వు వద్దన్నావట. ఆ జబ్బు మీదే పరిశోధన చేస్తున్న మనవరాలు చెబితే, “నా ఒళ్ళో పాలు కక్కిన పిల్ల నాకు చెప్పేదేంటి” అన్నావట. చివరికి అయిదో క్లాసులో బడి మానేసిన నన్ను పట్టుకున్నారు. వాళ్ళు ఎంత నిరాశలో ఉన్నారో దీన్నిబట్టి తెలుసుకో.

నేను చదువుకున్నదంతా పొట్లాం కాగితాల్లోను, లైబ్రరీ బల్లమీదా. ఆ చదువుకే ఇది అర్థమయిందంటే నీకెందుకు కాదు? విను. ఒంట్లో కణాలు రోజూ కోట్లలో చస్తాయి. వాటంతట అవే, పద్ధతిగా, పక్కవాళ్ళకి ఇబ్బంది లేకుండా. అమ్మ కడుపులో ఉన్నప్పుడు మన చేతులు బాతు కాళ్ళలాగా ఉంటాయట, వేళ్ళ మధ్య తోలుతో. ఆ మధ్య కణాలు చచ్చి తప్పుకుంటేనే వేళ్ళు విడివడతాయి. కోతలయ్యాక మన చేలల్లోకి బాతుల మందని తోలుకొచ్చేవాళ్ళు, గుర్తుందా? ఒకసారి ఆ మందలో నీ వెండిగొలుసు పారేసుకుని నామీదకి నెట్టావు. ఆ సంగతి ఇంకోసారి.

నీ రక్తంలో ఒక జాతి తెల్లకణాలు అలా తప్పుకోవడం మానేశాయి. వాటిని చావనివ్వకుండా కాపాడుతున్నది ఒక ప్రొటీను. ఆ మాత్ర దాని సంగతి చూస్తుంది. అంతే. మాత్ర వేసుకో.

నీ బస్సు,
తిరుపతిరావు

భవానీపురం, విజయవాడ,
11 ఆగస్టు 2025

తిరపతీ,

నీ ఉత్తరం చదివేసరికి పొయ్యి మీద పప్పు మాడింది. చదివాక ఇంట్లో ఇక పప్పు వండొద్దని చెప్పేశాను. ప్రొటీను వల్లే జబ్బని నువ్వే రాశావుగా? పప్పు, గుడ్డు, చేప అన్నీ బంద్. కోడలు సరేనంది. కిరీటి మాత్రం మూడు రోజులుగా దోసకాయ పచ్చడి వైపు, నా వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. నిన్న “మామయ్య బాగానే ఉన్నాడా అమ్మా?” అని అడిగాడు. నీ ఆరోగ్యం గురించి కాదనుకుంటాను.

వెండిగొలుసు పారేసింది నువ్వే.

ఇక మాత్ర సంగతి. నాకు భయం అనుకుంటున్నారు మీరంతా. భయం కాదురా. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. చావాల్సిన వేళకి చావకుండా కూర్చున్నవాటిని వెతికి చంపే మాత్ర అది. నాకు డెబ్బై ఎనిమిది. నా ఈడువాళ్ళు ఈ వీధిలో ఎవరూ లేరు. మీ బావ పోయి పదకొండేళ్ళు. ఆ మాత్ర లోపలికి వెళ్ళి, “ఇక్కడ వేళ దాటిపోయినవాళ్ళెవరు?” అని అడిగితే, ముందు నేనే చెయ్యెత్తాలి కదా! నాకూ ఆ కణాలకీ తేడా దానికెవరు చెబుతారు? డాక్టరుని ఇదే అడిగాను. ఆయన నవ్వి, “మీకు హాస్యం ఎక్కువండీ” అన్నాడు. నేను హాస్యమాడలేదు. నవ్వేవాడిని నమ్మి మందెలా మింగను?

తల తిరగకుండా, వేళ్ళూ బాతులూ లేకుండా, సరిగ్గా చెప్పగలిగితే చెప్పు. లేకపోతే మానెయ్యి. ఎండలో పోస్టాఫీసుకి నడవకు.

సీతారావమ్మ

చల్లపల్లి,
16 ఆగస్టు 2025

అక్కయ్యకి,

ముందు కందిపప్పు నానబెట్టించు. తినే ప్రొటీను వేరు, నేను చెప్పిన ప్రొటీను వేరు. ఒంట్లో పనిచేసేవాళ్ళందరూ ప్రొటీన్లే. కొందరు మోస్తారు, కొందరు కడతారు, కొందరు కోస్తారు. నువ్వు పప్పు మానేసినందువల్ల బాధపడింది కిరీటి ఒక్కడే. వాడికి నా తరఫున క్షమాపణ చెప్పు.

ఇప్పుడు సరిగ్గా చెబుతాను. బాతులు లేవు.

కణం లోపల చావు వ్యవహారమంతా చూసేది ఒక కుటుంబం. ఇంటిపేరు బీసీఎల్-2. ఇరవైమంది దాకా ఉంటారు, మూడు వాటాలుగా. ఒక వాటావాళ్ళు తలుపులు ఎత్తేవాళ్ళు. వాళ్ళలో ఇద్దరు పెద్దలు, బ్యాక్స్, బ్యాక్ అని. రెండో వాటావాళ్ళు కబురు మోసేవాళ్ళు: “ఈ కణం పాడయింది, వేళయింది, కానివ్వండి” అని వచ్చి చెబుతారు. మూడో వాటావాళ్ళు ఆపేవాళ్ళు. వీళ్ళలో పెద్దవాడి పేరు కూడా బీసీఎల్-2. మన తాత పేరే పెద్దన్నయ్యకి పెట్టలేదూ, అలాంటిదే.

ఇది వినగానే, “అమ్మాయ్, ఇది మా లాకులే!” అన్నాను మనోజ్ఞతో. హ్యాండిళ్ళ దగ్గర ఇద్దరు మనుషులు సిద్ధంగా నిలబడి ఉంటారు. ఆఫీసు నుంచి కబురు అందితే హ్యాండిలు తిప్పి షట్టర్లు ఎత్తుతారు. అందేదాకా కదలరు. వాళ్ళ మీద పెద్ద లస్కరు ఒకడు. నేనన్నమాట. కబురు తెచ్చినవాడు నన్ను దాటుకుని హ్యాండిళ్ళ దగ్గరికి వెళ్ళాలి. నేను అతన్ని పట్టుకుని ఆపానంటే షట్టర్లు లేవవు. బీసీఎల్-2 చేసేది సరిగ్గా ఆ పనే. కబురు తెచ్చినవాడి చెయ్యి పట్టుకుని వదలడు.

షట్టరు లేచిందంటే కణంలో కరెంటు తయారుచేసే గది గోడకి కంతలు పడతాయి. లోపలిది బయటికొస్తుంది. అప్పుడు కాస్పేజులని ఇంకో కుటుంబం కత్తెరలు పట్టుకు దిగుతుంది. కణాన్ని ముక్కలుగా కత్తిరించి పెడతారు, పక్క కణాలు ఆ ముక్కల్ని తినేస్తాయి. మన ఊళ్ళో పెళ్ళయిన మర్నాడు పందిరి విప్పినంత శుభ్రంగా ఉంటుంది పని. పందిరి అంటే గుర్తొచ్చింది, మీ పెళ్ళికి వేసిన పందిరి గాలికి లేచిపోతే పట్టుకుని వేలాడినవాడిని నేనే. సరే.

నీ జబ్బుకణాల్లో ఏమైందంటే, ఒక లస్కరు ఉండాల్సిన చోట ఇరవైమంది చేరారు. ఎన్ని కబుర్లు వచ్చినా అందరినీ పట్టేసుకుంటున్నారు. ఒక్క కబురూ హ్యాండిళ్ళ దాకా పోవడం లేదు. మాత్ర పోయి ఆ లస్కర్ల చేతులు కట్టేస్తుంది. నిన్ను వెతుక్కుంటూ రాదు, నీ వయసు దానికి తెలియదు. నీ ఇతర కణాలకి ఇంత లస్కర్ల మంద అక్కర్లేదు కాబట్టి అవి చాలావరకు తట్టుకుంటాయి.

ఇంతకన్నా సరిగ్గా నాకు చేతకాదు.

నీ తమ్ముడు,
పెద్ద లస్కరు

భవానీపురం,
22 ఆగస్టు 2025

తిరపతీ,

బాగా అర్థమయింది. ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. కాబట్టి ఆ మాత్ర వేసుకోను.

కోప్పడకు, చదువు. నీ ఉత్తరం చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలీవానా అనకుండా నిక్కరు వేసుకుని లాకుల మీద నిలబడేవాడివి. నువ్వు ఆ షట్టరు పట్టుకుని ఉండబట్టి కదా మా పొలం నిలిచింది, మా పిల్లలు చదువుకున్నారు. మీ బావ పోయేదాకా అదే మాట అనేవారు, “మీ తమ్ముడు లాకుల మీద ఉండగా మనకేం భయం” అని. ఇప్పుడు నా ఒంట్లో కూడా ఒక లస్కరు ఉన్నాడంటున్నావు. నామీద ప్రేమకొద్దీ, వచ్చిన ప్రతి చావుకబురునీ గుమ్మంలోనే ఆపేస్తున్నాడు. వాడి చేతులు కట్టేసే మందు నేను మింగాలా? తోడబుట్టినదాన్నిరా నేను.

గురువారం డాక్టరు దగ్గర ఇదే చెప్పాను.

“ఏమ్మా, ఆలోచించుకున్నారా?” అన్నాడు.

“మా తమ్ముడు లస్కరండీ” అన్నాను.

ఆయన కాసేపు నా రిపోర్టులు తిరగేశాడు, ఆ ముక్క వాటిలో ఎక్కడుందా అని. “అంటే... కుటుంబంలో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందాండీ?” అన్నాడు.

“జబ్బు కాదండీ, ఉద్యోగం” అన్నాను. కిరీటి లేచి బయటికి వెళ్ళిపోయాడు.

రాత్రికల్లా మనోజ్ఞ ఫోను. “నాయనమ్మా, తాతయ్య నీకేం రాశాడే?” అని ఒకటే గోల. చాలా బాగా రాశాడని చెప్పాను. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. డాక్టరు ఇంకో నెల చూద్దామన్నాడట, అంతకన్నా ఆగకూడదన్నాడట. రక్తం ఎక్కించాల్సి రావచ్చట.

పప్పు మళ్ళీ మొదలుపెట్టాం.

అక్క

చల్లపల్లి,
26 ఆగస్టు 2025

అక్కయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ముందు నవ్వొచ్చింది. తరవాత రాలేదు. నీ మరదలికి చూపిస్తే, “అది చెప్పెయ్యండి, ఇంకెన్నాళ్ళు దాస్తారు” అంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా దాచినది రాస్తున్నాను. పక్కదారి పట్టకుండా రాయడానికి ప్రయత్నిస్తాను, బస్సు అన్నావు కాబట్టి.

ఎనభై ఏడులో కార్తీకమాసం. కోతలయ్యాయి, పనలు చేలోనే ఉన్నాయి. వాయుగుండం పట్టింది. నువ్వు అప్పుడు జ్వరంతో పుట్టింట్లో ఉన్నావు. కాలువ గట్టుదాకా నిండి పారుతోంది. లాకుల కింద మీ మూడెకరాలు, పక్కన గట్టు పల్చన. షట్టర్లు ఎత్తితే ఆ నీళ్ళు మీ చేలోకి పొర్లుతాయని నాకూ తెలుసు, బావకీ తెలుసు. పొద్దున్నే బావ సంచి పట్టుకుని వచ్చారు. సంచిలో కొర్రమీను. “సాయంత్రం దాకా ఆపగలవా తిరపతీ? పనలు మెరక మీదకి చేర్చి కుప్ప వేసుకుంటాం” అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

తొమ్మిదింటికి ఆఫీసు నుంచి లాజరు సైకిలు మీద వచ్చాడు, జేబులో చిట్టీతో. షట్టర్లు పూర్తిగా ఎత్తమని. హ్యాండిళ్ళ దగ్గర నా మనుషులిద్దరూ వాడి వైపే చూస్తున్నారు. నేను ఎదురెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నాను. “తడిసిపోయావు కదయ్యా, ముందు కాస్త వేడిగా తిని వెళుదువుగాని” అన్నాను. లాకుల పక్కన నా క్వార్టర్లోకి తీసుకెళ్ళి తువ్వాలిచ్చాను. పులుసు ఉడికేదాకా కూర్చోబెట్టాను. ఆకు నిండా అన్నం, పైన కొర్రమీను పులుసు. వాడు చాలన్నప్పుడల్లా ఇంకో గరిటె వేశాను. తిన్నాక మంచం వాల్చాను. లాజరు మంచివాడు, నిద్రపోయాడు. చిట్టీ వాడి జేబులోనే ఉంది. మూడింటికి లేపాను. అప్పటికి మీ పనలు కుప్పెక్కాయి.

నీళ్ళు మాత్రం ఎక్కడికి పోతాయి? ఒంటిగంటకే ఎగువన గట్టు తెగింది. ఆ గట్టు కింద చేనున్న శౌరయ్య నాలుగెకరాలు మునిగిపోయాయి. ఆలస్యాన్ని వాన మీదకి నెట్టేశాను. నన్నెవరూ అడగలేదు.

అదీ నీ లస్కరు సంగతి. కబురు ఆపినవాడు ప్రేమకొద్దీ ఆపాడు, నిజమే. అటు మునిగినవాళ్ళని చూడలేదు. నీ ఒంట్లో ఉన్నవాడిది చెడ్డబుద్ధి కాదు, మనోజ్ఞ కూడా అదే అంది. ఆ ప్రొటీను అందరిలోనూ ఉంటుంది, ఉండాలి. ఉండాల్సినదానికన్నా గట్టిగా పట్టుకున్నప్పుడే కేన్సరు.

ఇంకొకటి నేనే తప్పు చెప్పాను. మాత్ర లస్కరు చేతులు కట్టదు. వాణ్ణి కొట్టదు, చంపదు. లాజరు వేషం వేసుకుని వెళ్ళి లాజరు కూర్చునే పీట మీద తనే కూర్చుంటుంది. లస్కరు దానికే వడ్డిస్తూ ఉంటాడు. అసలు లాజరు చెయ్యి వదులుతుంది, వాడు హ్యాండిళ్ళ దగ్గరికి వెళ్ళి చిట్టీ ఇస్తాడు. అంతే. నీ తమ్ముడికేం కాదు.

మొదటివారం చిన్నమాత్ర, తరవాత వారం వారం పెంచుతూ ఐదు వారాలు. నీళ్ళు బాగా తాగాలి, రక్తపరీక్షలు చేస్తూ ఉంటారు. కణాలన్నీ ఒక్కసారి చస్తే ఆ సరుకంతా మూత్రపిండాల మీద పడుతుంది కాబట్టి. షట్టరుని అంగుళం అంగుళంగా ఎత్తినట్టు. ఆ పద్ధతి రాసినవాడెవడో గాని నాకు నచ్చాడు.

తిట్టాలనుంటే తిట్టు. మాత్ర మాత్రం వేసుకో.

తిరుపతిరావు

చల్లపల్లి,
9 సెప్టెంబరు 2025

అక్కయ్యా,

రెండు వారాలయింది. నీ దగ్గర నుంచి కార్డుముక్క లేదు. రోజూ గేటు దగ్గర నిలబడుతుంటే పోస్టుమాను లక్ష్మీకాంత్ జాలిపడి, నిన్న మాది కాని కరెంటు బిల్లు కూడా తెచ్చి చూపించాడు. కిరీటికి ఫోను చేసి, “అమ్మ ఏమంటోంది?” అని అరిచాను. వాడు చాలాసేపు ఏదో చెప్పాడు. నాకు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. “సరే సరే” అని పెట్టేశాను. ఏమి సరేనో తెలియదు.

నేను చెప్పకుండా ఉండాల్సింది. మాత్ర వేయించబోయి ఉన్న అక్కని పోగొట్టుకున్నానా అని భయంగా ఉంది. నామీద కోపంతో మందు మానెయ్యకు. కోపాన్ని నామీదే ఉంచు, నేను మొయ్యగలను.

తిరుపతిరావు

ఆస్పత్రి, విజయవాడ,
15 సెప్టెంబరు 2025

తిరపతీ,

కిరీటి ఫోనులో నీతో చెప్పింది ఇదీ: “అమ్మ ఆదివారం మీ లాకుల వైపు వస్తోంది, నేనే తీసుకొస్తున్నాను, నువ్వు బయల్దేరి రావద్దు, మీ ఇంటికి రాదు.” నువ్వు సరే సరే అన్నావట. మాట నిలబెట్టుకున్నావని మెచ్చుకున్నాం కూడా.

నిన్న చల్లపల్లిలో మీ వీధి చివర నుంచే వెళ్ళాను. దిగలేదు. దిగితే నువ్వు మాట్లాడతావు. తిన్నగా శౌరయ్యగారి ఇంటికి వెళ్ళాను. ఆయనకి ఎనభై దాటాయి, చూపు బాగానే ఉంది, అరుగు మీద కూర్చున్నారు. కోడలు సువార్తమ్మ మజ్జిగ తెచ్చింది. తాగకుండానే చెప్పేశాను, ఆ ఏడాది మీ చేను మునిగింది వాన వల్ల కాదండీ, మావాళ్ళ వల్ల, అని.

ఆయన ఏమన్నారో తెలుసా? “తెలుసండీ. లాజరు ఆ వారమంతా ఊళ్ళో ఆ పులుసు గురించే చెప్పాడు.”

ముప్పై ఎనిమిదేళ్ళు నువ్వు దాచింది ఆ ఊరికి ముప్పై ఎనిమిదేళ్ళుగా తెలుసురా.

“మరి మా తమ్ముణ్ణి అడగలేదేమండీ?” అన్నాను.

“అడుగుదామనే రెండుమూడుసార్లు వెళ్ళానండీ. నన్ను చూస్తే చాలు, ఎండ లేకపోయినా గొడుగు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకునేవారు. గొడుగుని ఏం అడుగుతాం?”

నాకు నవ్వొచ్చింది. ఆయన కూడా నవ్వారు. తరవాత మామూలుగానే చెప్పారు, ఆ ఏడాది భార్యాపిల్లల్ని నాలుగు నెలలు అత్తగారింట్లో ఉంచాల్సి వచ్చిందని. అప్పుడు ఇద్దరం నవ్వలేదు. మజ్జిగ తాగి లేచాను. నిన్ను ఒకసారి రమ్మన్నారు. గొడుగు లేకుండా.

ఇక నువ్వు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆ రోజు నేను జ్వరంతో పుట్టింట్లో ఉన్నానని రాశావు. ఉన్నాను. అక్కడి నుంచే మీ బావకి కబురు పంపాను, నీ దగ్గరికి వెళ్ళమని. ఆయన మొహమాటస్థుడు, తనంతట తను ఎప్పుడూ ఎవరినీ అడగలేదు. కొర్రమీను కొని పంపింది కూడా నేనే. వట్టిచేతులతో వెళితే నువ్వు చిట్టీ వింటావేమో, చేప తీసుకెళితే మీ బావ మాట వింటావు. నీ సంగతి నాకు తెలియదూ? కాబట్టి ఒక్కడివే మోసుకోకు. ఆ బరువులో సగం నాది, పెద్దసగం.

తిరిగొస్తూ కారులో ఆలోచించాను. నా మూడెకరాల పంట గట్టెక్కింది, వాళ్ళవి నాలుగెకరాలు మునిగాయి. నా ఒంట్లోనూ ఇదే జరుగుతోందన్నమాట. ఎవరో నాకోసం కబురు ఆపి భోజనం పెడుతున్నారు. ఎగువన నా ఎర్రకణాలు మునుగుతున్నాయి. మెట్ల మీద ఆయాసం అందుకే కదూ? ఇంటికి రాగానే మనోజ్ఞకి ఫోను చేసి అడిగాను. ఇంకోసారి చెప్పమంది. తరవాత, “అవును నాయనమ్మా, ఇంచుమించు అంతే” అంది.

లస్కరు మీద నాకిప్పుడు కోపం లేదు. ప్రేమా పోలేదు. ఇక వడ్డించింది చాలని చెప్పాలంతే.

డాక్టరుకి కిరీటి కబురు పెట్టాడు. మొదటి రోజు ఆస్పత్రిలోనే ఉంచుకుని చూస్తామన్నారు. పొద్దున్నే వచ్చాం. రక్తం తీసుకున్నారు. ఇడ్లీ రెండు తిన్నాను. మాత్ర చిన్నదే, పసుపురంగు. ఎనిమిదిన్నరకి మింగాను. మంచం పక్కన లీటరు నీళ్ళ సీసా పెట్టారు. అందులో సగం తాగాను. కిరీటి కింద పార్కింగులో కారు జరపడానికి వెళ్ళాడు.

సీతారావమ్మ